గురువు కఠినుడైనప్పుడు శిష్యుని ధర్మమేమి?





గత వ్యాసపూర్ణిమనాడు నేనొక బాలికకు తప్పుమాట చెప్పినాను. ఆ తప్పును దిద్దుకొనుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

బాసరలో వ్యాసపూర్ణిమ ఎట్లుండునో చూచినవారికి చెప్పనక్కరలేదు. వ్యాసమహర్షి గోదావరిలో స్నానమాడి, పిడికెడు పిడికెడు ఇసుక తెచ్చి అమ్మవార్ల మూర్తులను రూపొందించెనని మా స్థలపురాణము. ఆ మహర్షి తపస్సు చేసిన తావు గనుకనే ఆయన పేరు మా ఊరికి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆనాడు తెల్లవారుజాము నుండియే వరుసలు సాగుచుండును. ఒకవైపు పలకలు పట్టుకొన్న పసివారు, మరియొకవైపు కలములు, పుస్తకములు అమ్మవారి పాదములకు తాకించి ఇమ్మని చేతులు చాచు విద్యార్థులు. ఆ సమ్మర్దములో ఒక తండ్రి తన కూతురిని ముందుకు నెట్టి నా ఎదుట నిలిపినాడు. వారిది ముధోలు వైపు పల్లె. అయిదవ ఏట ఆ పిల్లకు అక్షరాభ్యాసము చేయించినది నేనే. తండ్రికి పట్టణములో కొలువు కుదరగా కుటుంబము అటు తరలినది. పిల్ల తొమ్మిదవ తరగతిలో కొత్త బడిలో చేరినది. బడులు తెరచి అప్పటికి నెల దినములు.

"అయ్యగారూ, బిడ్డ కొత్త బడికి పోనంటున్నది. లెక్కల సారు తిడుతడట. తిండి గూడ సరిగ తింటలేదు. గురువు దేవునితో సమానమని మీరన్న నాలుగు మాటలు చెప్పండ్రి" అన్నాడు తండ్రి.

నేను ఆమె నుదుట కుంకుమ పెట్టి, అలవాటైన మాట అలవాటుగా అనివేసినాను. "గురువు తిట్టినా దీవెనే బిడ్డా. ఓర్చుకో. అమ్మవారు చూసుకుంటుంది."

ఆ పిల్ల నా ముఖము వంక చూచి ఇట్లన్నది. "నాకు అర్థం కాలేదని అడిగితే తిట్టిండు అయ్యగారూ. ఈ లెక్క ఆరో తరగతి పిల్లలకు గూడ వస్తది, ఏ ఊరి బడి నుంచి వచ్చినవు అని అందరి ముందర నిలబెట్టిండు. అందరు నవ్విండ్రు. ఇప్పుడు నేను అడుగుతలేను."

వెనుకనున్నవారు తొందరపెట్టగా ఆమె ప్రసాదము తీసుకొని వరుసలో ముందుకు కదలిపోయినది. రాత్రి నివేదనానంతరము ఇంటికి వచ్చి పడుకొన్నను నాకు నిద్ర పట్టలేదు. తిట్టినాడన్న మాట కాదు నన్ను పట్టుకొన్నది. ఇప్పుడు అడుగుటలేదన్న ఆ చివరి మాట. అక్షరాభ్యాసము చేయించిన చేతితోనే ఆమె ప్రశ్నను మూసివేయుటకు నేను కూడ సహాయపడితినేమోనని భయము కలిగినది.

ఆచార్యుని దేవునిగా భావింపవలెనను ఉపదేశము ఎక్కడిది? తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి పదునొకండవ అనువాకములోనిది. విద్య ముగించి ఇంటికి మరలు శిష్యునికి ఆచార్యుడు చేయు అనుశాసనమది. దానిని మనము పెండ్లిపత్రికల మీద, బడి గోడల మీద, సన్మానసభల వేదికల మీద వ్రాసికొనుచున్నాము. అయితే ఆ వాక్యము దగ్గరనే ఆగిపోవుచున్నాము. వెనువెంటనే ఆచార్యుడు మరియొక మాట చెప్పుచున్నాడు: నింద్యములు కాని కర్మలనే సేవింపుమని, మా నడవడిలోనైనను ఏవి సుచరితములో వానినే అనుసరింపుమని, తక్కినవానిని విడువుమని. గమనింపుడు. తనలో అనుసరింపదగనిది ఉండవచ్చునని ఆచార్యుడు తన నోటనే ఒప్పుకొనుచున్నాడు. గురువును దేవుడనిన శ్రుతియే, ఆ గురువు చేసినదంతయు దైవకార్యము కాదనియు చెప్పినది. రెండు వాక్యములను కలిపి చదువనివాడు శ్రుతిలో సగమే చదివినట్లు. ముప్పది యేండ్లుగా ఆ అనువాకమును నిత్యము పారాయణ చేయుచున్న నేను ఆనాడు సగమే చెప్పినాను.

అధ్యయనారంభమున గురుశిష్యులు కలిసి చెప్పు శాంతిమంత్రము అందరికిని తెలిసినదే. అందు ద్వివచనప్రయోగమును చూడుడు. మమ్ములనిద్దరిని రక్షింపుమని, మేమిద్దరము కలిసి శక్తితో శ్రమింతుము గాక అని చెప్పి, తుదకు మేమిద్దరము పరస్పరము ద్వేషించుకొనకుందుము గాక అని ముగియుచున్నది. పాఠము మొదలు కాకమునుపే ద్వేషము రాకూడదని ప్రార్థించుట ఎందుకు? వచ్చుననియే. గురుశిష్యుల నడుమ విసుగు, కోపము, అవమానము, ద్వేషము పుట్టుట సంభవమేనని ఋషులు ఎరిగినవారు. ఇది శిష్యుడొక్కడే చెప్పవలసిన మంత్రము కాదు. గురువు కూడ తన నోట చెప్పవలెను.

మనలో అధికసంఖ్యాకులు ఆపస్తంబసూత్రులు. జంధ్యాల పున్నమినాడు ఆపస్తంబుని పేరు సంకల్పములో చెప్పుకొందుము, ఆయన ధర్మసూత్రమును మాత్రము తెరచి చూడము. అందు బ్రహ్మచారి నియమములు కఠినములే. గురువు కంటె ముందు లేవవలెను, తరువాత శయనింపవలెను, ఎదురాడరాదు. అయితే అదే గ్రంథములో, ఆచార్యుడు పొరపాటున గాని తెలిసి గాని నియమమును అతిక్రమించినచో శిష్యుడు ఏకాంతమున ఆయనకు ఆ సంగతి తెలుపవలెనని విధి కలదు. అది అనుమతి కాదు, విధి. ఏకాంతమున అన్న పదము ముఖ్యము. సభలో కాదు, తోటివారి మధ్య ఎగతాళిగా కాదు.

ఆచార్యునికి చెప్పిన నియమములు కూడ అక్కడనే ఉన్నవి. శిష్యుని పుత్రునివలె కాంక్షింపవలెను. విద్యలో ఏ భాగమును దాచక బోధింపవలెను. ఆపత్కాలమున తప్ప తన సొంత పనులకై శిష్యుని చదువునకు విఘ్నము కలిగింపరాదు. బోధించుట మానిన ఆచార్యుడు ఆచార్యుడే కాకపోవునని కూడ సూత్రకారుడు స్పష్టముగా అన్నాడు. దండన విషయములో ఆపస్తంబుడు చెప్పినవి భయపెట్టుట, ఉపవాసము, చన్నీటి స్నానము, ఎదుటికి రానీయకపోవుట. అదియు తప్పు మానువరకే. గౌతముడు ఇంకను ముందుకు పోయి, కొట్టకయే శాసింపవలెనని, అది సాధ్యము కానిచో సన్నని త్రాటితోనో వెదురుబద్దతోనో మాత్రమే అని, వేరొక దానితో కొట్టినవానిని రాజు దండింపవలెనని విధించినాడు. బడిపిల్లను కొట్టిన అయ్యవారిని రాజు దండించుటయా అని ఆశ్చర్యపడువారు, 2009లో చేసిన విద్యాహక్కు చట్టము దేహదండనమును మానసికమైన వేధింపును రెంటిని నిషేధించినదని తెలిసికొనవలెను. ఇది పడమటి దేశముల నుండి దిగుమతి అయిన సుకుమారత్వమని మా వైదికులలో కొందరు ఆక్షేపింతురు. వారు గౌతముని చదువలేదని నా అనుమానము.

ఇక నా కథ చెప్పెదను. పుస్తకములోని సూత్రములు ఎన్ని చెప్పినను, అనుభవము లేనిచో ఆ పిల్ల మాట నన్ను అంతగా కదలించియుండదు.

నాకు ఉపనయనమైన తరువాత మా నాయనగారి వద్దనే సంత చెప్పుకొన్నాను. ఎరుగనివారి కొరకు ఒక మాట: సంత అనగా గురువు ఒకసారి పలికినదానిని శిష్యుడు రెండుసార్లు పలుకుట. పుస్తకము చూచుట ఉండదు. చెవి నుండి నోటికి, నోటి నుండి చెవికి. తైత్తిరీయసంహితలో మొదటి కాండము కొంత అట్లు నడచినది. అంతలో మా నాయనగారికి ఆరోగ్యము చెడగా, పదమూడవ ఏట నన్ను దూరముగానున్న ఒక వేదపాఠశాలకు పంపినారు. దాని పేరు, అధ్యాపకుల పేరు ఇక్కడ చెప్పను. ఆయన నేడు లేరు. ఉన్నను చెప్పను.

మొదటి దినముననే ఆయన నా స్వరము విని, నీవు నేర్చినదంతయు వ్యర్థము, మొదటి పనస నుండి మరల చెప్పుకొనుము అన్నారు. అంతవరకు నాకు బాధ లేదు. నేను దీర్ఘస్వరితమును కుదించుచుంటిని, అనుదాత్తమును ఉండవలసినంత క్రిందికి దింపకుంటిని. అది నిజమే. కాని ఆయన అక్కడితో ఆగలేదు. నాకు త్వష్ట అని పేరు పెట్టినారు. త్వష్ట ఇంద్రుని చంపు కుమారుని కోరి హోమము చేయుచు ఒక్క పదములో స్వరము తప్పి పలికెననియు, ఆ దోషము వలన పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతనే చచ్చెననియు వేదవిద్యార్థులందరికిని తెలిసిన కథ. నేను పాఠమునకు వచ్చి కూర్చుండగనే ఆయన, త్వష్టగారు దయచేసినారు, నేడు ఎవరిని చంపెదరో అనెడివారు. నలువది మంది బాలురు నవ్వెడివారు. మా నాయనగారు చెప్పిన స్వరమును వెక్కిరించినట్లుగా నాకు తోచెడిది. నా నేరము కంటె అదియే ఎక్కువ గుచ్చుకొన్నది. రెండుసార్లు పారిపోవలెనని రైల్వేస్టేషను వరకు పోయి, టిక్కెట్టునకు డబ్బులు లేక మరల వచ్చినాను.

ఈ కథలను చెప్పునప్పుడు పెద్దలు సాధారణముగా ఎట్లు ముగింతురో మీకు తెలియును. ఆ కఠినత్వము వలననే నేను ఇంతవాడనైతినని. నేను అట్లు చెప్పలేను, ఎందుకనగా అది సగమే సత్యము. ఆయన ఇచ్చిన స్వరము సత్యము. నేడు గర్భాలయములో నేను మంత్రపుష్పము చెప్పునప్పుడు పలుకు స్వరితములు ఆయన పెట్టిన భిక్షయే. ప్రతి వ్యాసపూర్ణిమకు ఆయనను తలచి నమస్కరించుచున్నాను, ఆ నమస్కారములో కపటము లేదు. అయితే మిగిలిన సగమును కూడ చెప్పవలెను. త్వష్ట అన్న పిలుపునకు భయపడి నేను సందేహము అడుగుట మానివేసినాను. క్రమపాఠములో రెండు చోట్ల నాకు పదసంధి తేటపడలేదు. అడిగినచో నవ్వుదురు. అడుగక, ప్రక్కవాని నోరు చూచి నాకు తోచినట్లు కలుపుకొన్నాను. అట్లే పాఠము అప్పగించినాను. గుంపులో చెప్పుచుండగా ఎవరును పట్టుకొనలేదు. ముప్పదవ ఏట ఒక వృద్ధ ఘనపాఠిగారు నా ప్రక్కన పారాయణకు కూర్చుండి, నాయనా ఈ రెండు చోట్ల నీకు తప్పుచున్నదని మెల్లగా చెప్పువరకు ఆ తప్పులనే భక్తితో పదునేడు సంవత్సరములు పలికినాను. తప్పు పలుకరాదని నన్ను పరిహసించిన గురువు, ఆ పరిహాసము చేతనే నాలో తప్పును పాతి పెట్టినాడు. ఇది ఆయన కోరినది కాదు. కాని జరిగినది.

ఆ పిల్ల అడుగుటలేదన్నప్పుడు నాకు ఆ రెండు పదసంధులే గుర్తునకు వచ్చినవి.

గీతలో భగవానుడు జ్ఞానమును పొందు ఉపాయముగా మూడు చెప్పినాడు. ప్రణిపాతము, పరిప్రశ్నము, సేవ. మనము మొదటిదానిని చివరిదానిని నిలుపుకొని నడుమనున్నదానిని జారవిడిచినాము. సాష్టాంగపడు శిష్యుడు మంచివాడు, నీళ్ళు మోయు శిష్యుడు ఉత్తముడు, ప్రశ్నించు శిష్యుడు పొగరుబోతు. మా తైత్తిరీయసంహితలో ఏడు కాండములు, నలువదినాలుగు ప్రశ్నలు. మా శాఖలో అధ్యాయమునకు పేరే ప్రశ్న. దానిని మించి నేనేమి చెప్పగలను?

గురువుతో చెడినవారు పూర్వము లేరా? ఉన్నారు, అదియును మా బాసరకు పేరు తెచ్చిన వ్యాసభగవానుని శిష్యపరంపరలోనే. వ్యాసుడు యజుర్వేదమును వైశంపాయనునికి అప్పగించినాడు. వైశంపాయనుని శిష్యుడు యాజ్ఞవల్క్యుడు. ఒకప్పుడు గురువునకు బ్రహ్మహత్యాదోషము కలుగగా, శిష్యులు తన కొరకు ప్రాయశ్చిత్తవ్రతము చేయవలెనని ఆయన కోరినాడు. యాజ్ఞవల్క్యుడు, ఈ అల్పసత్త్వులైన బ్రాహ్మణులతో పనియేమి, నేనొక్కడనే చేసెదనన్నాడు. గురువు మండిపడి, తోటివారిని అవమానించు నీవు నాకు వద్దు, నా వద్ద నేర్చినది విడిచి పొమ్మన్నాడు. యాజ్ఞవల్క్యుడు నేర్చిన యజుస్సులను వమనము చేసినాడు. తక్కిన శిష్యులు తిత్తిరిపక్షులై వానిని గ్రహించినారు. అది తైత్తిరీయమైనది. యాజ్ఞవల్క్యుడు సూర్యుని ఆరాధించి, గురువు కూడ ఎరుగని యజుస్సులను పొందినాడు. అది శుక్లయజుర్వేదమైనది. విష్ణుపురాణము, భాగవతము ఈ కథను చెప్పుచున్నవి.

తప్పెవరిది? గురువుగారికి ఆగ్రహము, శిష్యునికి అహంకారము. పురాణము ఏ ఒక్కరికిని తీర్పు చెప్పలేదు. నేను వైశంపాయనుని వైపు శాఖకు చెందినవాడను గనుక చిన్నతనములో యాజ్ఞవల్క్యునిదే తప్పని అనుకొనెడివాడను. వయసు వచ్చినకొలది ఆ నిశ్చయము సడలినది. ఎందుకనగా, ఆ శిష్యుడు గురుత్యాగము చేసి విద్యాత్యాగము చేయలేదు. కోపముతో వెళ్ళినవాడు అడవిలో కూర్చుండి గురువును నిందించుచు కాలము గడుపలేదు, సూర్యునివంటి మరియొక గురువును వెదకికొన్నాడు. ఆ వెదకుట లేనిచో బృహదారణ్యకోపనిషత్తు మనకు లేదు, మైత్రేయికి అమృతత్వమును గూర్చి చేసిన ఉపదేశము లేదు. నేడు మా ప్రాంతములో యాగము జరిగినచో కృష్ణయజుర్వేదులము, ప్రథమశాఖవారైన శుక్లయజుర్వేదులు ఒకే వరుసలో ఋత్విక్కులమై కూర్చుందుము. గోదావరి ఆవల మహారాష్ట్రము నుండి వచ్చువారిలో మాధ్యందినశాఖవారు అధికులు. ఒక గురువు, ఒక శిష్యుడు పోట్లాడుకొనిన ఫలముగా రెండు వేదశాఖలు ఒకే పందిరి క్రింద పలుకుచున్నవి. గురువును మార్చుట పాపమనువారు ఆ పందిరిలోకి వచ్చి చెవి ఒగ్గవలెను.

అయితే బడి మార్చుట ఆ పిల్లకు నేను చెప్పదలచిన మొదటి ఉపాయము కాదు. ఆమె ఇప్పుడే ఒక బడి మారినది. నేలలో నుండి పెకలించిన నారును నాటిన వారములోనే మరల పెకలించినచో వేరు నిలువదు. ఆమెకు నేను చెప్పవలసియున్న కథ ఉపకోసలునిది. ఛాందోగ్యము నాల్గవ అధ్యాయములో కలదు.

ఉపకోసలుడు సత్యకామజాబాలుని వద్ద పండ్రెండు సంవత్సరములు అగ్నులను సేవించినాడు. గురువు తక్కిన శిష్యులకు సమావర్తనము చేసి పంపినాడు, ఇతనికి మాత్రము చేయలేదు. కారణము ఉపనిషత్తు చెప్పదు. గురుపత్ని భర్తతో అన్నది: ఈ బ్రహ్మచారి తపించినాడు, అగ్నులను చక్కగా సేవించినాడు, వారు నిన్ను నిందింపకముందే ఇతనికి ఉపదేశింపుము. గురువు వినకయే ప్రవాసము పోయినాడు. ఉపకోసలుడు దుఃఖముతో అన్నము మానినాడు. గురుపత్ని వచ్చి, ఎందుకు తినవు, తినుమన్నది. మనసంతయు వ్యాధులతో నిండియున్నది, తినలేనన్నాడు. అప్పుడు అతడు సేవించిన అగ్నులే తమలో తాము మాటలాడుకొని, ఇతడు మనలను శ్రద్ధగా సేవించినాడు, మనమే చెప్పుదము అని అతనికి బ్రహ్మవిద్యను బోధించినవి. చిత్రమేమనగా, అంతయు అగ్నులే చెప్పివేయలేదు. మిగిలిన మార్గమును నీ ఆచార్యుడే చెప్పునని విడిచినవి. గురువు తిరిగి వచ్చి శిష్యుని ముఖమున వెలుగు చూచి ఎవరు బోధించినారని అడిగినాడు. తక్కినది తానే చెప్పినాడు.

ఈ కథను నేను ఎన్నియో ప్రవచనములలో చెప్పినాను. చెప్పిన ప్రతిసారియు అగ్నుల మీద, ప్రాణబ్రహ్మము మీద నిలిచినాను. అన్నము మానిన పిల్లవాని మీద నిలువలేదు. ఇప్పుడు చదివినచో ఆ గురుపత్నియే నాకు పెద్దగా కనిపించుచున్నది. ఆ ఇంట ఒక్క మనిషి ఆ బాలుడు తినుటలేదని చూచినది. భర్త పక్షము వహించి, గురువుగారికి తెలియదా, ఓర్చుకో అనలేదు. బాలుని పక్షము వహించి భర్తను దూషింపను లేదు. భర్తతో చెప్పవలసినది భర్తతో చెప్పినది, బాలునితో తినుమని చెప్పినది. మా ఊరి పిల్లకు కావలసినది ఆ గురుపత్ని వంటి పెద్దదిక్కు. ఆనాడు తండ్రి నా వద్దకు వచ్చినది నన్ను ఆ స్థానములో నిలుపుటకే కావచ్చును. నేను గుర్తింపలేదు.

రెండవది, అగ్నులు. శిష్యుడు గురువును మాత్రమే కాక విద్యను కూడ సేవించియుండినచో, గురువు ముఖము తిప్పుకొన్నను విద్య తిప్పుకొనదు. లెక్కల సారు చెప్పనిచో లెక్కల పుస్తకము చెప్పును, వెనుకటి బడిలోని పాత ఉపాధ్యాయిని చెప్పును, పై తరగతి అక్క చెప్పును. ఆమె కష్టములో సగము సారు స్వభావము కాదు, భాష. పల్లెలో తెలుగు మాధ్యమములో లవము, హారము, భిన్నము అని నేర్చిన పిల్లకు అవే వస్తువులు ఇంగ్లీషు పేర్లతో ఎదురైనప్పుడు తెలిసిన లెక్కయు తెలియనిదే అగును. నిజాము కాలములో మా తాతగారి తరమువారు ఇంట తెలుగు, బడిలో ఉర్దూ అని ఇదే గండమును దాటినవారు. మా బాసరలో 2008 నుండి ఉన్న, జనులు త్రిపుల్ ఐటీ అని పిలుచు విశ్వవిద్యాలయమునకు పదవ తరగతి ముగించి ఆరేండ్ల చదువుకు వచ్చు పల్లెపిల్లలు ఆదివారములలో గుడికి వచ్చి, తొలినాళ్ళలో పాఠము చెవికెక్కుటలేదని నాతో చెప్పుకొందురు. ఒక నోటుపుస్తకములో ఎడమవైపు తెలుగు పదము, కుడివైపు ఇంగ్లీషు పదము వ్రాసికొనుమని వారిలోనొకడు తన తోటివానికి చెప్పుచుండగా విన్నాను. ఇది అగ్నుల ఉపదేశము కంటె తక్కువదని నేననుకొనను.

మూడవది ప్రశ్న. ఇది విడువరాదు. నలుగురిలో అడుగ భయమైనచో, ఆపస్తంబుడు చెప్పినట్లు ఏకాంతమున. తరగతి ముగిసిన తరువాత ఉపాధ్యాయుల గది వాకిట నిలిచి, సారూ, ఈ ఒక్క మెట్టు నాకు అర్థం కాలేదు అని అడుగవచ్చును. ఒక్క మెట్టు అనుటయే మేలు. ఏమియు రాదనినచో విసుగుకొను మనిషి కూడ, ఒక్క మెట్టు అనినచో చెప్పుటకు సిద్ధపడుట కలదు. అరువది మంది పిల్లలతో కిక్కిరిసిన గదిలో గంటకొకసారి గొంతు చించుకొను ఉపాధ్యాయుని స్థితిని కూడ తలచవలెను. ఆయన ద్వేషి కాక, అలసినవాడు మాత్రమే కావచ్చును. ఏకాంతములో వేరు మనిషి కనిపించిన సందర్భములు నేనెరుగుదును. కనిపింపనివి కూడ ఎరుగుదును.

కనిపింపనిచో తండ్రి వెళ్ళవలెను. తగవులాటకు కాదు. పిల్ల అడిగిన ప్రశ్న ఏది, సారు అన్న మాట ఏది, తేదీతో సహా కాగితము మీద వ్రాసికొని, మొదట ఆ సారుతోనే, పిదప ప్రధానోపాధ్యాయునితో మాటలాడవలెను. అంతటను మారనిచో అప్పుడు యాజ్ఞవల్క్యమార్గము ఉండనే ఉన్నది. ఇక చేయి చేసికొనుట, ఆడపిల్లతో తగని చేష్టలు, శరీరమునకు మానమునకు హాని, ఇవి ఉన్నచోట నేను చెప్పిన ఏకాంతము, ఓర్పు, వరుసక్రమము ఏదియు వర్తింపదు. అక్కడ ఒక్క పూట కూడ ఆగరాదు. 1098 అను సంఖ్యకు ఫోను చేయవలెను, పోలీసులకు చెప్పవలెను. గర్వించి, మంచిచెడ్డలు ఎరుగక దారి తప్పిన గురువునకు విధేయత చెల్లదని మహాభారతము ఉద్యోగపర్వములో భీష్ముడు స్వయముగా తన గురువైన పరశురాముని ఎదుటనే పలికినాడు. పలికి, పాదములకు నమస్కరించి, అనుజ్ఞ గొని యుద్ధము చేసినాడు. నమస్కారమునకును ఎదిరించుటకును వైరము లేదని ఆయనకు తెలిసినట్లు మనకు తెలియకున్నది.

ఇట్లు వ్రాసినచో పిల్లలు గురువులను లెక్కచేయకపోదురని ఒక మిత్రుడు, ఆయన కూడ అర్చకుడే, ఈ వ్యాసపు చిత్తుప్రతి చూచి అన్నాడు. ఆయన భయము నిరాధారము కాదు. చిన్నమాట అన్నంతనే తల్లిదండ్రులు బడి మీదికి పోవుటయు చూచుచున్నాను. తప్పుగా వ్రాసిన లెక్కను కొట్టివేసి నాలుగుసార్లు మరల చేయుమన్న సారు కఠినుడే, కాని ఆ కఠినత్వము తప్పు మీదిది. ఏ ఊరి బడి నుండి వచ్చితివి అన్నది తప్పు మీదిది కాదు, మనిషి మీదిది. మా అధ్యాపకులు నన్ను మొదటి పనస నుండి చెప్పించుట గురుత్వము. త్వష్ట అనుట గురుత్వము కాదు. ఈ రెంటిని ఆయన కలిపివేసినారు. నేను కూడ ఆయనను స్మరించునప్పుడు రెంటిని విడదీయుటకు నలువది ఏండ్లు పట్టినది. ఆ పిల్ల వయసులో ఎవరైనను విడదీసి చూపియున్నచో, నా నాయనగారి స్వరమును సమర్థించుకొనుటకై నేను లోలోపల పెంచుకొన్న ద్వేషము అంత కాలము ఉండెడిది కాదు.

నేను మాత్రము శుద్ధుడనా? ఒక వేసవిలో మా వీధి పిల్లలకు విష్ణుసహస్రనామము నేర్పుచుంటిని. ఒక బాలునికి నత్తి. ఒక నామము దగ్గర పదే పదే ఆగిపోవుచుండగా, నీ వలన స్వామికి వేయి నామములు వేయి ప్రొద్దులకైనను పూర్తికావు అన్నాను. పిల్లలు నవ్వినారు. నేను కూడ నవ్వినాను. మరునాడు వాడు రాలేదు. నేడు బస్టాండు దగ్గర దుకాణము నడుపుచున్నాడు. నేను పోయినప్పుడెల్ల లేచి నమస్కరించును, డబ్బులు తీసికొనను అనును. గుడికి మాత్రము వాడు రాగా నేను చూడలేదు. ఎందుకు రావని అడుగు ధైర్యము నాకు ఇంతవరకు కలుగలేదు.

గత శుక్రవారము ఆ తండ్రికి ఫోను చేసినాను. వ్యాసపూర్ణిమనాడు నేను చెప్పినది సగమేనని, మిగిలిన సగము చెప్పవలెనని అన్నాను. ఆయన కాసేపు మాటలాడలేదు. పిదప, బిడ్డకే ఇస్త, మీరే చెప్పుండ్రి అయ్యగారూ అని ఫోను ఆమెకు ఇచ్చినాడు. ఓర్చుకొమ్మని నేను చెప్పినది తప్పని ఆమెతోనే అన్నాను. ఆ సారుకు ఏమి అర్థము కాలేదని అడిగితివి తల్లీ అన్నాను. వర్గసమీకరణమట. నాకు దానిని గూర్చి ఒక్క ముక్కయు తెలియదు. నాకూ తెలియదమ్మా అన్నాను. అవతల నుండి చిన్న నవ్వు వినిపించినది. సోమవారము బడికి తండ్రి కూడ వచ్చుచున్నాడట.